చేతి రేడియోతో బండి రేడియోను నడుపు విధము

 

వానకాలపు రాత్రి చెఱువుకట్ట తెగునేమో యన్న భయము కలిగినప్పుడు మన పూర్వులు కట్టమీద నొకనిని, ఊరి మొగదల నొకనిని, నడుమ నొకనిని కావలియుంచెడివారు. కట్టమీదివాని గొంతు ఊరివఱకు చేరదు. నడుమనున్నవాడు దానిని విని, అదే మాటను తన గొంతుతో మఱల కేకవేయును. ఈ నడిమివాని పనిని నేడొక యంత్రము చేయగలదు. ఆ యంత్రము మోటారుబండిలో నుండును. దానిని నడుపువాడు మాత్రము బండికి దూరముగ, చేతిలో నొక చిన్న యంత్రమును పట్టుకొని నిలుచుండును. ఆ చిన్నదానితో ఈ పెద్దదానిని నడుపు విధమే నేటి నా ప్రసంగమునకు విషయము.

మొదట రెండు మాటలు పరిభాషను గూర్చి చెప్పెదను. మన యిండ్లలో వార్తలు వినిపించు రేడియోకు చెవియే గాని నోరు లేదు. నేను చెప్పబోవు రేడియోకు రెండును గలవు. మీట నొక్కినచో పలుకును, విడిచినచో వినును. ఏకకాలమున రెండు పనులను చేయజాలదు గనుక మాటాడువారు వంతుల వారీగా మాటాడవలెను. పోలీసువారు, అగ్నిమాపక దళములవారు, రైల్వేవారు దీనిని తమ పనులకు వాడుదురు. వీరుగాక, లాభాపేక్ష లేక విద్యాసక్తితో దీనిని అభ్యసించువారు ప్రపంచమంతటను గలరు. వారిని అమెచ్యూర్ రేడియోవారనియు, వాడుకలో 'హామ్'లనియు అందురు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారెవరైనను ప్రభుత్వ పరీక్షలో గెలిచి, అనుమతిపత్రమును, తమకొక పిలుపుగుర్తును పొందవచ్చును. వారికి కేటాయింపబడిన తరంగములలో 144 మొదలు 146 మెగాహెర్ట్జుల వఱకు ఒక పట్టీయును, 434 మొదలు 438 మెగాహెర్ట్జుల వఱకు మఱియొక పట్టీయును గలవు. మొదటిదానిని పెద్దపట్టీ యనియు, రెండవదానిని చిన్నపట్టీ యనియు పిలుచుకొందము. ఏలయన మొదటిదాని యల పొడవు సుమారు రెండు మీటర్లు, రెండవదాని పొడవు సుమారు డెబ్బది సెంటీమీటర్లు.

దూరముననున్న యంత్రమును తీగ లేకుండ ఆజ్ఞాపించుట నేటి వింత కాదు. 1895లో కలకత్తా పురమందిరమున జగదీశచంద్ర బోసుగారు విద్యుత్తరంగములను గోడలగుండ పంపి, దూరమున నొక గంటను మ్రోగించి, మందుగుండును పేల్చి చూపిరి. 1898లో అమెరికా దేశమున నికోలా టెస్లా యనునాయన నీటి తొట్టిలో నొక చిన్న పడవను తీగలేకుండ నడపి చూపెను. నేటి చేతి రేడియో బండి రేడియోకు పంపు ఆజ్ఞ ఆ గంటకును, ఆ పడవకును వంశజమే.

ఇక రెండు యంత్రములకును గల తారతమ్యమును చూతము. చేతి రేడియో శక్తి సాధారణముగా 5 వాట్లు. దాని ఏరియల్ జానెడు పొడవు గల రబ్బరు కొమ్మ. దానిని పట్టుకొన్నవాని దేహమే కొంత తరంగమును మ్రింగివేయును. ఇంటిలోనికి పోయినచో గోడలు మఱికొంత మ్రింగును. బండి రేడియో శక్తి 50 వాట్ల వఱకు నుండును. దానికి బండి బ్యాటరీయే ఆహారము. బండికప్పు మీద నిలువుగ నిలిచిన పొడవైన ఏరియల్‌కు క్రిందనున్న లోహపు కప్పు చక్కని పీఠమగును.

శక్తి పదిరెట్లయినచో దూరమును పదిరెట్లగునని తలపరాదు. అడ్డములేని ఆకాశమున సైతము పదిరెట్ల శక్తికి దూరము మూడురెట్ల కించుక మించును. చెట్లును మేడలును గల నేలమీద అంతయు నుండదు. శక్తికంటె ఎత్తు ముఖ్యము. జొన్నచేనిలో నిలిచి అఱచుటకును, మంచె యెక్కి అఱచుటకును గల భేదమును మీరెఱుగుదురు. ఈ తరంగములు దాదాపు తిన్ననిగీతలో పోవును. ఏరియల్ ఎత్తును మీటర్లలో చెప్పి, దానికి వర్గమూలము కనుగొని, నాలుగుచేత హెచ్చించినచో, సమతలమైన నేలమీద దాని చూపుమేర కిలోమీటర్లలో నించుమించుగ తేలును. రెండు మీటర్ల ఎత్తున నున్న బండి ఏరియల్‌కు ఆ మేర ఆఱు కిలోమీటర్లకు లోపు. ఇరువదియైదు మీటర్ల మెట్టమీద నున్నదానికి ఇరువది కిలోమీటర్లు. అవతలివాని చూపుమేరను దీనికి కలుపుకొనవలెను. కావున బండిని ఎచ్చట నిలిపితిమన్నది యంత్రమునకు ఎంత వెల పెట్టితిమన్నదానికంటె ముఖ్యము.

చేతి రేడియోతో బండి రేడియోను నడుపు మార్గములు రెండు. ఒకటి ఆజ్ఞామార్గము, రెండవది అంచెమార్గము.

ఆజ్ఞామార్గమును వివరించెదను. చేతి రేడియో ముఖమున టెలిఫోనునకువలె అంకెల మీటలుండును. ఒక్కొక్క మీట నొక్కినప్పుడు ఒక స్వరము గాక రెండు స్వరములు కలసి పుట్టును. మీటలున్న అడ్డవరుసకు ఒక స్వరము, నిలువువరుసకు మఱియొక స్వరము. దృష్టాంతమునకు 5 అను మీటను నొక్కినచో 770, 1336 హెర్ట్జుల స్వరములు రెండును జంటగా వెలువడును. ఒక్క స్వరమే చాలదా యని మీరడుగవచ్చును. మనుష్యుని మాటలోగాని, ఈలలోగాని ఒక స్వరము యాదృచ్ఛికముగ దొరలవచ్చును. నియతమైన రెండు స్వరములు, ఇతరము లేకుండ, ఒక్కసారి దొరలుట మిక్కిలి అరుదు. అందుచే యంత్రము పొరపడదు. బండి రేడియో తన కొక తరంగమును కేటాయించుకొని వినుచుండును. ముందుగ నిర్ణయించుకొన్న సంకేతపు అంకెలు వినబడినంతనే అది ఆజ్ఞలకు సిద్ధమగును. పిదప నొక్కిన మీటనుబట్టి అది మాటాడు తరంగమును మార్చును; జ్ఞాపకమున నుంచుకొన్న స్థానములలో నొకదానికి పోవును; శక్తిని హెచ్చించును లేక తగ్గించును. ఏ మీటకు ఏ పని యన్నది యంత్రమునుబట్టి మాఱును గనుక ఆ యంత్రపు వివరణ పుస్తకమును చదువక తప్పదు.

అంచెమార్గము ఇంతకంటె రమ్యమైనది. మన శాస్త్రములలో దేహలీదీపన్యాయమని యొకటి గలదు. గడపమీద పెట్టిన దీపము లోపలి గదికిని, వెలుపలి పంచకును ఏకకాలమున వెలుగు నిచ్చును. రెండు పట్టీల బండి రేడియో అట్టి గడపదీపము. దాని ఒక ప్రక్క చిన్నపట్టీ, రెండవ ప్రక్క పెద్దపట్టీ. చేతి రేడియోవాడు చిన్నపట్టీలో కొలదిపాటి శక్తితో పలికిన మాటను బండి విని, ఆ క్షణముననే పెద్దపట్టీలో 50 వాట్లతో దూరమునకు పంపును. దూరమునుండి బదులు పెద్దపట్టీలో వచ్చినప్పుడు దానిని విని, చిన్నపట్టీలో చేతి రేడియోకు అందించును. వినుటకును పలుకుటకును వేర్వేఱు పట్టీలుండుటచేతనే ఇది సాధ్యము. ఒక్క పట్టీలోనే రెండును చేయబూనినచో తన గొంతు తన చెవినే చెవుడుచేయును. దీనిని ఆంగ్లేయులు 'క్రాస్‌బ్యాండ్ రిపీటర్' అందురు. అనగా ఒక పట్టీనుండి మఱియొక పట్టీలోనికి దాటించు అంచె.

ఇందొక సూక్ష్మము గలదు. ప్రతి ప్రసారయంత్రమును తన ముఖ్య తరంగముతోబాటు దాని రెట్టింపు, మూడింతలు మొదలగు తరంగములను కొంచెముగ వెలువరించును. 145కు మూడింతలు 435. అనగా పెద్దపట్టీ తరంగపు మూడింతలు సరిగ చిన్నపట్టీ నడుమ పడుచున్నది! బండి 145.0లో పలుకుచు 435.0లో వినుటకు యత్నించినచో తన ధ్వనియే తన చెవిలో పడి గోల యగును. కావున దూరపు మాటకు 145.5ను ఎన్నుకొన్నచో దాని మూడింతలు 436.5 గనుక, చేతి రేడియోకు 434.8 వంటి ఎడమైన తరంగమును ఎన్నుకొనవలెను. చిన్న గుణకారమే గాని, దీనిని మఱచినవానికి యంత్రము చెడినట్లు తోచును.

ఈ విద్యను నేను కన్నులార చూచినది హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున. పదవీవిరమణానంతరము నేను తఱచు తార్నాకలో మా చెల్లెలి యింటికి పోవుచుందును. తార్నాక యను పేరే చిత్రమైనది. ఉర్దూలో 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా తనిఖీ చౌకి. పూర్వమచ్చటి తోటకు ముండ్లతీగ కట్టి చౌకి నిలిపినందున ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. తీగ పేరిట వెలసిన పేటలో తీగలేని వార్తను నేర్చుకొంటినని నాకు నవ్వు వచ్చుచుండును. ఆ కూడలికి ఒక దిక్కున సికిందరాబాదు, మఱియొక దిక్కున ఉప్పలు, వేఱొక దిక్కున విశ్వవిద్యాలయము. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాపీఠమునకు కిరీటమువంటిది 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనము. గులాబివన్నె నల్లసేనపు రాతితో గట్టిన ఆ భవనము కన్నులకెంత పండుగయో రేడియో తరంగములకు అంత శత్రువు.

అనుమతిపత్రము గల మా మేనల్లుడు తన మోటారుబండిని ఆ భవనము నెదుట చెట్లక్రింద నిలిపెను. వాని మిత్రుడు తార్నాకలో మేడమీద నొక రేడియోతో కూర్చుండెను. నడుమ దూరము ఇంచుమించు రెండు కిలోమీటర్లు. మేమిద్దఱమును భవనపు క్రింది అంతస్తు లోపలి నడవకు పోయితిమి. మొదట వాడు చేతి రేడియోతో తిన్నగ పెద్దపట్టీలో మిత్రుని పిలిచెను. మాటలు తునియలు తునియలుగ వినబడినవేగాని వాక్యము నిలువలేదు. పిదప బండిని అంచెమార్గమున పెట్టి, మఱల అచ్చటికే వచ్చి, చేతి రేడియో శక్తిని అరవాటునకు తగ్గించి పిలిచెను. మిత్రుని బదులు ప్రక్కగదినుండి మాటాడినట్లు వినవచ్చెను. మా మాట కిటికీలగుండను, నడవలగుండను వెలుపలనున్న బండివఱకు పోయినచో చాలును. తక్కిన రెండు కిలోమీటర్లును బండియే భరించెను.

కొంతసేపటికి చిత్రముగ చేతి రేడియోలో ఎడతెగని హోరు మొదలయ్యెను. మీట నొక్కి ఎంత పిలిచినను మిత్రుడు పలుకలేదు. "మామయ్యా, యంత్రము చెడలేదు. ఎచ్చటిదో మోత విని, మనుష్యుడు మాటాడుచున్నాడని భ్రమించి మనకు అందించుచున్నది. అది పలుకుచున్నంతసేపు మన మాట వినజాలదు" అని మేనల్లుడు చెప్పెను. సమీపమున నడుచుచున్న ఏదో విద్యుద్యంత్రపు అలజడి పెద్దపట్టీలో పడి, బండి ద్వారమును తెఱచి పట్టుకొన్నదన్నమాట. దానికి ప్రతిక్రియగా వాడు బండికి తాళపుస్వరమును ఏర్పఱచెను. అనగా మాటతోబాటు 88.5 హెర్ట్జుల వంటి మంద్రస్వరము వెంటవచ్చినప్పుడే బండి ద్వారము తెఱచును; వట్టి హోరునకు తెఱవదు. మిత్రుని యంత్రము ఆ స్వరమును తన మాటతో కలిపి పంపును. వినువాని యంత్రము దానిని వడకట్టివేయును గనుక మన చెవికి వినబడదు. ఈ ఏర్పాటు దూరపు ప్రక్కను, చేతి రేడియో ప్రక్కను రెండింటను ఉండుట మేలు. లేనిచో దారినపోవు అలజడియే మన బండిని మనపైకి నోరెత్తించును.

పిదప ఆజ్ఞామార్గమును చూపెను. నడవలోనే నిలిచి సంకేతపు అంకెలను నొక్కి, బండి రేడియోను వేఱొక తరంగమునకు మార్చి, అచ్చటి మాటలను విని, మఱల పూర్వస్థానమునకు తెచ్చెను. బండివఱకు నడువలేదు, తలుపు తెఱవలేదు. కొన్ని యంత్రములలో ఆజ్ఞామార్గము, అంచెమార్గము ఏకకాలమున పనిచేయవు. కొనువారు ముందుగ ఈ సంగతిని విచారించవలెను.

ఇప్పుడు పెద్దలు శ్రద్ధతో వినదగిన విషయమునకు వచ్చుచున్నాను. మనకు దీని ప్రయోజనమేమి? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను గొన్నది. అట్టి రాత్రులలో తీగలు తెగును, స్తంభములు కూలును, దారులు మునుగును. నేడు చేతిచేతికి సెల్‌ఫోను గలదు గదా యందురు. ఆ ఫోనును ఒక చిన్న రేడియోయే. దాని మాటను అందుకొని ముందునకు పంపు గోపురమే దాని అంచె. గోపురమునకు విద్యుత్తు ఆగినను, దానిని ఇతర స్థలములతో కలుపు మార్గము తెగినను, మీ చేతిలోని ఫోను పలుకక నిలుచును. ఆ అంచె మన యధీనమున లేదు. బండి రేడియో యను అంచె మన యధీనమున నుండును. దానిని కావలసిన మెట్టకు తోలుకొని పోవచ్చును.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందము శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున అండమాను దీవులకు పోయి, అచ్చటినుండి ప్రపంచమున నున్న రేడియో మిత్రులతో మాటాడుచుండెను. అది విద్యావినోదార్థమైన యాత్ర. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చెను. వినోదార్థము నిలిపిన ఏరియళ్లే ఆపదలోనున్నవారి క్షేమవార్తలను మోయు సాధనములైనవి. 1983లో స్థాపింపబడిన ఆ సంస్థ హైదరాబాదున నుండుట మన తెలుగువారికి గర్వకారణము. ఈ వృత్తాంతమునుండి నేను గ్రహించిన నీతి యొక్కటే: ఆపద వచ్చిన పిదప విద్య నేర్వరాదు, నేర్చినవాడు ఆపదనాటికి అచ్చట నుండవలెను.

వరదలో మునిగిన యొక యూరిని భావింపుడు. బండి పోగలిగినంత మేర పోయి, మెట్టనేలమీద నిలుచును. అటుపై నడకయో, తెప్పయో శరణ్యము. వైద్యునితోబాటు పోవువాడు చేతి రేడియోను మాత్రమే మోయగలడు. వాని మాట పట్టణమునకు చేరదు. కాని మెట్టమీది బండికి చేరును. బండి దానిని పట్టణమునకు చేర్చును. బండిలో నొక మనుష్యుని కూర్చుండబెట్టి వార్తలను చెప్పింపవచ్చును గదా యని మీరనవచ్చును. మనుష్యులు చాలినంతమంది యున్నచో అదియే ఉత్తమము. నోటివార్తలో పొరపాటు రాకుండ వ్రాసికొని చదివినచో మఱింత ఉత్తమము. అయితే ఆపదలో ప్రతి చేతికిని పని గలదు. అట్టి తఱి యంత్రము కూర్చుండి, మనుష్యుడు తెప్పను తోయుటయే న్యాయము.

ఇందు గల అపాయములను దాచుట ఉపాధ్యాయ ధర్మము కాదు. మొదటిది బ్యాటరీ. 50 వాట్లతో పలుకునప్పుడు బండి రేడియో సుమారు పది పండ్రెండు ఆంపియర్ల విద్యుత్తును త్రాగును. నలుబది ఆంపియర్-గంటల బ్యాటరీ మూడుగంటల ఎడతెగని పలుకునకు అడుగంటును. సగమునకు దిగకముందే ఇంజను కదలుట కష్టము కావచ్చును. రోగిని మోసికొనిపోవలసిన బండి మాటలు మోసి మోసి కదలక నిలిచినచో అంతకంటె విషాద మేమున్నది? కావున రేడియోకు వేఱొక బ్యాటరీని అమర్చుట మంచిది. లేనిచో శక్తిని తగ్గించి వాడవలెను; నడుమ నడుమ ఇంజనును నడుపుచుండవలెను.

రెండవది వేడి. ఈ యంత్రములు పలికి విరామము తీసికొనునట్లు నిర్మింపబడినవి. ఊపిరాడక పలుకుటకు కాదు. అంచెగ నున్నప్పుడు ఇరువైపుల మాటలను అదియే పలుకవలసియుండును గనుక శ్రమ రెట్టింపు. శక్తిని మధ్యస్థముగ నుంచి, గాలి తగులుచోట అమర్చి, నిర్ణీత నిమిషములు మించి పలికినచో తనంతట ఆగు గడియారపు ఏర్పాటును తప్పక పెట్టుకొనవలెను. ఆ ఏర్పాటు లేనిచో ఉస్మానియా ఆవరణమున మేము వినిన హోరువంటిది రాత్రియంతయు సాగి, ఉదయమునకు బ్యాటరీయును ఉండదు, యంత్రమును ఉండకపోవచ్చును.

మూడవది సంకేతపు అంకెల సంగతి. అది గొళ్ళెమేగాని తాళము కాదు. గాలిలో పోవు స్వరములను ఆ తరంగముమీద నున్నవారెల్లరును వినగలరు, విని అనుకరింపగలరు. అంకెలను అప్పుడప్పుడు మార్చుచుండవలెను. మాట విషయమునను అంతే. రేడియోలో పలికిన మాట రచ్చబండమీద పలికిన మాటతో సమానము. ఇంటి గుట్టునకు అది తగిన చోటు కాదు.

నాలుగవది ధర్మము. అనుమతిపత్రము లేనివాడు ఈ యంత్రములతో పలుకరాదు. పత్రము గలవాడైనను అంచెను నిలుపుటకు ముందు తన పత్రపు నిబంధనలు దానికి చోటిచ్చుచున్నవో లేదో చూచుకొనవలెను. తన పిలుపుగుర్తును చెప్పుచుండవలెను. వ్యాపారపు మాటలకు దీనిని వాడరాదు. బండి తనంతట పలుకుచున్నదను సాకు చెల్లదు. ఎద్దు పరుల చేనిలో పడినచో బాధ్యుడు ఆసామియే గాని ఎద్దు కాదు గదా! కావున వీలైనంతవఱకు బండి కనుచూపుమేరలో గాని, దాని నోరు మూయించు మీట మన చేతిలో గాని ఉండవలెను.

పెద్దలారా! మీలో ఎవరును ఈ వయస్సున యంత్రములను కొని మోయవలెనని నేను కోరుటలేదు. మీ యూరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రమునందు అభిరుచి గల బాలురును బాలికలును ఉందురు. వారిలో ఇద్దఱు ముగ్గురిని ఈ పరీక్షకు చదువుకొమ్మని ప్రోత్సహింపుడు. మీకు తెలిసినది వారికి తెలియనిది యొకటి గలదు. ఏ వాగు ఏ వానకు పొంగును, ఏ దారి మొదట మునుగును, ఏ మెట్ట ఎన్నడును మునుగలేదు అన్నది మీ యెఱుక. బండిని నిలుపవలసిన ఆ మెట్టను మీరు చూపుడు. దానిమీదనుండి మాట ఎంతదూరము పోవునో ఎండకాలముననే వారు పరీక్షించి, ఒక కాగితముమీద వ్రాసి, గ్రామ కార్యాలయమున నుంచెదరు గాక. వాన వచ్చిన పిదప మెట్టను వెదకుటకు తీరిక యుండదు.